గుప్పెడు కల్లు

మా మామగారి కాలి బొటనవేలు తీసేస్తారన్న వార్త నాకు మొదట చెప్పింది మా ఇంట్లో వాళ్ళెవరూ కాదు, మాకు పాలు పోసే ఆవిడ. డాక్టరుగారి ఇంటిక్కూడా ఆవిడే పాలు పోసేది. చెంబులోకి పాలు వంచుతూ, "మీ పెద్దాయన వేలు తీసేస్తారంటగా, ఏ కాలిదమ్మా?" అని నన్నే అడిగింది. నాకు ముందే తెలిసినట్టు తలూపి, "కుడికాలిది" అన్నాను. పుండు ఉన్నది కుడికాలికే కాబట్టి ఆ మాట అబద్ధం కాలేదు. అంతవరకు కాపాడినందుకు స్వామికి అక్కడే ఒక దణ్ణం పెట్టుకుని, పాలు పొయ్యి మీద పెట్టి, అత్తగారి దగ్గరికి పరిగెత్తాను.

అత్తగారు మునగాకు దూస్తున్నారు. "నీకెవరు చెప్పారే?" అన్నారు తల ఎత్తకుండా.

"పాలావిడండీ."

"అయితే ఇక దాచేదేముంది, పటమటంతా తెలిసిపోయినట్టే," అని ఆకు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నారు.

మాది నేత కుటుంబం. పామర్రు దగ్గర పల్లె నుంచి వచ్చి పటమటలో ఇల్లు కట్టుకున్నాం. మామగారికి బెజవాడలో బట్టల కొట్టు. పాత వాసన పోకుండా ఇంటి వెనక వసారాలో రెండు మగ్గాలు మాత్రం ఉంచుకున్నారు. యుద్ధం అయిపోయింది గానీ రేషను కార్డులు పోని రోజులవి. బియ్యంతో పాటు గోధుమలు కూడా అంటగట్టేవాళ్ళు. ఆ గోధుమల్ని ఏం చేసుకోవాలో తెలియక మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు ఉడకేసి గేదెలకి పెట్టేవాళ్ళు. గేదెలు కూడా మొహమాటానికి తిన్నట్టు తినేవి.

మామగారికి చక్కెర జబ్బు. కొత్త చెప్పు కరిచి బొటనవేలి మీద పడిన పుండు రెండు నెలలైనా మానలేదు. డాక్టరుగారు వచ్చి చూసి తేల్చి చెప్పారట: "నెల్లాళ్ళు ఆగుతాను. సూదిమందు నేనిస్తాను, పథ్యం మీరు చెయ్యాలి. అన్నం మానాలి. పొట్టు తియ్యని గోధుమపిండితో నల్ల రొట్టె చేసి, కొలిచి పెట్టండి. చక్కెర దిగిందా, వేలు ఉంటుంది. దిగకపోతే వేలు తియ్యాలి. వేలితో ఆగుతుందని కూడా చెప్పలేను."

బెజవాడ బజారులో దొరికేదల్లా జ్వరం వచ్చినవాళ్ళకి పాలల్లో ముంచి పెట్టే తెల్ల రొట్టె. నల్ల రొట్టె అడిగితే, "మాడిందా అమ్మా మీకు కావలసింది?" అని కొట్టువాడు నవ్వాడని మా వారు వచ్చి చెప్పారు. చపాతీలు చేద్దామంటే మా ఇళ్ళలో అప్పటికి ఎవరికీ చేతకాదు. నేను చేసినవి మామగారి నాలుగు పళ్ళకీ లొంగలేదు. కాబట్టి ఆ నల్ల రొట్టె ఏదో ఇంట్లోనే పుట్టాలి.

రోజూ పొద్దున్నే పుండు కట్టు మార్చడానికి ఆస్పత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చేది. నలభై ఏళ్ళ మనిషి, తెల్లచీర, చేతిలో చిన్న పెట్టె. వీధి అరుగు మీదే కట్టు కట్టి, దాని చివర కూర్చుని స్పిరిటు దీపం వెలిగించి, గాజుగొట్టంలో నీలం మందు పోసి, అందులో మామగారి మూత్రం నాలుగు చుక్కలు వేసి కాచేది. ఒంట్లో చక్కెర లేకపోతే ఆ నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు, బాగా ఉంటే ఇటికరంగు.

"ఇవాళ కూడా ఇటికరంగేనండీ," అనేది ఆవిడ.

మామగారు గొట్టం వెలుగుకి ఎత్తి పట్టుకుని కన్ను చికిలించేవారు. "దీన్ని ఇటికరంగంటారా? ఇది పండు నారింజ. రంగుల సంగతి నాకు చెప్తావా అమ్మా."

"నారింజైనా ఒకటేనండీ."

"ఒకటెట్టా అవుద్ది? రెండు చీరలూ పక్కన పెడితే పసిపిల్లైనా చెప్పుద్ది తేడా."

"ఇది చీర కాదు గదండీ, నచ్చకపోతే ఇంకోటి తియ్యడానికి," అని ఆవిడ పుస్తకంలో ఇటికరంగనే రాసుకునేది.

ఆ నర్సమ్మకి రొట్టె చెయ్యడం వచ్చని తెలిసింది. చిన్నప్పుడు ఆస్పత్రి దొరసానుల వంటింట్లో నేర్చుకుందట. అత్తగారు అడగమంటే తలుపు చాటున నిలబడి అడిగాను. ఆవిడ పెట్టె సర్దుకుంటూ, ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నేను కొట్టు నుంచి వచ్చిన కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్నాను. గోధుమపిండి జల్లించకూడదు. అందులో పావు వంతు రాగిపిండి. కల్లుప్పు. కాస్త నెయ్యి. గోరువెచ్చటి నీళ్ళతో కలిపి మూతపెట్టి, పొంగేదాకా ఆగాలి. "పాళ్ళు నీ చేతికే తెలుస్తాయమ్మా," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం తిరగలి ముందు కూర్చుని రామనామం చెప్పుకుంటూ గోధుమలు విసిరాను. మా ఇంట్లో ఉప్పంటే కల్లుప్పే. గుప్పెడు తీసి మెత్తగా దంచి వేశాను. పిండి కలిపి గిన్నెలో పెట్టి, పొంగుతుందని కూర్చున్నాను. సహస్రనామాలు రెండుసార్లు అయిపోయాయి. పిండి ఎక్కడుందో అక్కడే ఉంది. రెండోసారి కాస్త తొందరగా చదివానేమోనని మూడోసారి నిదానంగా చదివాను. అయినా కదల్లేదు. చివరికి దిబ్బరొట్టె కాల్చినట్టే, ఇత్తడి గిన్నెని కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చాను.

అత్తగారు దాన్ని గోటితో కొట్టి చూశారు. చెక్కతలుపు తట్టినట్టు మోగింది. మామగారు ఒక మూల కొరికి, మిగతాది చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీన్ని బందరు సముద్రంలోంచి తీశారా?" అన్నారు అత్తగారితో. "రాయికి రాయి, ఉప్పుకి ఉప్పు."

ఆ రొట్టెని అత్తగారు మాగాయ జాడీ మూత మీద బరువు పెట్టారు. పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు. వారం రోజులున్నా దానికి చీమ కూడా పట్టలేదు.

మర్నాడు కట్టు అయి మామగారు లోపలికి వెళ్ళాక, నర్సమ్మ అరుగు మీద దీపం వెలిగిస్తూ అడిగింది. "రొట్టె ఎట్టా వచ్చిందమ్మా?"

"పొంగలేదండీ," అన్నాను తలుపు చాటు నుంచి.

"పొంగకపోవడమేంటి? కల్లు ఎంత వేశావు?"

కల్లుప్పునే ఆవిడ పొట్టిగా అంటోంది కాబోలు అనుకున్నాను. "గుప్పెడండీ."

"గుప్పెడా? గుప్పెట్లో ఎట్టా పట్టావమ్మా కల్లుని?"

"మామూలుగానే పట్టానండీ. ముందు రోట్లో దంచాను."

"దంచావా," అంది ఆవిడ, చాలా నెమ్మదిగా. "కల్లుని."

"మెత్తగా దంచి జల్లించి మరీ వేశానండీ."

ఆవిడ గాజుగొట్టం జాగ్రత్తగా కింద పెట్టింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని ఎంత నవ్విందంటే, ఆ ఊపిరికి స్పిరిటు దీపం ఆరిపోయింది. నవ్వు తగ్గాక తలుపు దగ్గరికి వంగి గుసగుసగా చెప్పింది. "కల్లు వేరు, ఉప్పు వేరమ్మా. తాటికల్లు. ఒక గ్లాసు పొయ్యాలి. పొంగించేది అదే."

ఈ తప్పుకి కారణం నా చదువు. నేను బడికి పోలేదు. మా తాతగారే ఇంట్లో కూర్చోబెట్టి పద్యాలతో అక్షరాలు, అక్షరాలతో సంధులు నేర్పారు. రెండు మాటలు పక్కపక్కన నిలబడి ఉంటే సంధి చెయ్యకుండా వదలడం ఆయన దృష్టిలో అతిథిని గుమ్మంలో నిలబెట్టినంత తప్పు. ఆవిడ "కల్లు, ఉప్పు" అంది. నా చెయ్యి తనంతట తనే కల్లుప్పు చేసేసింది. ఉత్వసంధి నిత్యం. తాతగారు చూస్తే మెచ్చుకునేవారు. ఆ చదువు చెప్పినందుకు ఆయనకి ఇప్పటికీ రోజూ నమస్కరిస్తాను, రొట్టె సంగతి మాత్రం ఎత్తను.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. మా మామగారి తండ్రి కల్లు తాగి తాగి ఇంట్లో మగ్గాలన్నీ పోగొట్టుకున్నాడు. మామగారు పన్నెండేళ్ళ వయసులో తల్లి చెయ్యి పట్టుకుని ఒట్టేశారు, తాను కల్లు ముట్టనని, తన గుమ్మం దాటనివ్వనని. ఆ ఒట్టు యాభై ఏళ్ళుగా నిలబడి ఉంది. అలాంటి మనిషి పళ్ళెంలో కల్లు రొట్టె ఎలా పెట్టడం? పెట్టకపోతే ఆ వేలి సంగతేమిటి?

అత్తగారు వెనకనుంచి అంతా వింటూనే ఉన్నారు. "ఆయన ఒట్టు గుమ్మానికి గదటే," అన్నారు. "పెరటి గోడకి గుమ్మం లేదు. దాని మీంచి అందుకుంటే?"

"అత్తయ్యా, ఆ ఒట్టు వేయించుకున్న తల్లి పటానికి రోజూ దీపం పెట్టేది నేనండీ."

"అదీ నిజమే," అని అత్తగారు ఊరుకున్నారు. నర్సమ్మ కూడా వద్దంది. "చాటుగా పెడితే నేనొప్పుకోను. తర్వాత తెలిసిందంటే నా చేత కట్టు కూడా కట్టించుకోరు."

నెల్లాళ్ళలో వారం అప్పటికే అయిపోయింది. గొట్టం ఇటికరంగు దిగలేదు. వేలు నల్లబడుతోందేమోనని అత్తగారు, కాదు అది మందు మరక అని మామగారు.

మా ఇంట్లో తరవాణి కుండ ఒకటి ఉండేది. అన్నం వార్చిన గంజీ నీళ్ళూ రోజూ అందులో పోస్తూ, పులిసిన నీళ్ళలో రాత్రి మిగిలిన అన్నం వేసుకుని పొద్దున్నే తినేవాళ్ళం. ఆ కుండని పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. శుక్రవారం శుక్రవారం అత్తగారు దానికి పసుపూ కుంకుమా పెట్టేవారు. నేత ఇల్లు గదా, గంజి మీద రోజూ తగువే. పడుగు నూలుకి పూయడానికి మగ్గాలవాళ్ళు అడిగేవాళ్ళు, కుండకి చాలదని అత్తగారు ఇచ్చేవారు కాదు.

ఒక పొద్దున నేను మూత తీసేసరికి, ఎండలు ముదిరిన రోజులేమో, కుండంతా తెల్లటి నురగ. బుడగలు చిటచిటమని పగులుతున్నాయి. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అత్తయ్యా, కల్లు నురగ కూడా ఇట్టాగే ఉంటుందాండీ?"

"నన్నడుగుతావేంటే? నేనేమన్నా కల్లుపాకలో పుట్టానా?" అన్నారు. కుండలోకి తొంగి చూశారు. "ఇట్టాగే ఉంటుంది," అన్నారు.

ఎలా తెలుసని నేను అడగలేదు.

ఆ తరవాణితో పిండి కలిపాను. ఉప్పు ఈసారి చిటికెడే. అత్తగారు వేలు పెట్టి చూసి, పడుగుకి పూసే గంజికంటే చిక్కగా, దిబ్బరొట్టె పిండికంటే గట్టిగా ఉండాలని, ఇంకో రెండు దోసిళ్ళ పిండి వేయించారు. తడిగుడ్డ కప్పి ఎండ తగిలే గోడ పక్కన పెట్టాను. మధ్యాహ్నానికి గుడ్డ పొట్టలా ఉబ్బింది. మా ఇద్దరికీ పట్టరాని సంతోషం. కాల్చేముందు గుప్పెడు పిండి తీసి దాచాను, పెరుగుకి తోడు దాచినట్టు. మర్నాటి పిండికి అదే తోడు. రోజురోజుకీ రొట్టె తేలికయింది. పైన నల్లగా గట్టిగా, లోపల తేనెపట్టులా బొక్కలు బొక్కలుగా, కాస్త పుల్లగా, కాల్చిన రాగుల వాసనతో ఉండేది. నర్సమ్మ వేలితో నొక్కి, అది మళ్ళీ పైకి లేస్తుంటే చూసి, "ఇది రొట్టె," అంది.

మామగారు మాత్రం తినలేదు. మేం చూస్తున్నంతసేపు రెండు ముక్కలు నమిలేవారు, మేం ఇటు తిరగ్గానే మిగతాది కిటికీలోంచి గేదె నోటికి పోయేది. "అది జొరమొచ్చినోళ్ళ తిండి," అనేవారు అత్తగారితో. "నాకు కాలికొచ్చింది గానీ ఒంటికి రాలేదు." గేదె నిగనిగలాడుతూ తయారైంది. గొట్టంలో ఇటికరంగు అలాగే ఉంది. అన్నం పెట్టడం లేదు, రొట్టె తినడం లేదు, మరి ఈ చక్కెర ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు.

అది పట్టుకున్నది నర్సమ్మే. ఒకరోజు గొట్టం అందిస్తూ ఆయన వేళ్ళు చూసింది. "చేతికి ఆ పసుపేంటండీ?"

"నిన్న సాయంత్రం భజనలో ప్రసాదం." కాలు బాగా లేకపోయినా రోజూ జట్కా ఎక్కి భజనకి వెళ్ళివచ్చేవారు.

"పులిహోరా అండీ?"

"ప్రసాదం అన్నాను గదా."

"అన్నంతో చేసిందే గదండీ అది."

"వంటింట్లో ఉన్నంతసేపే అన్నం. స్వామి ముందు పెట్టాక ప్రసాదం. ప్రసాదానికి పథ్యమేంటమ్మా? పెట్టింది కాదంటామా?"

ఆవిడ కొలిచే దేవుడు వేరు, మా ప్రసాదాల సంగతి ఆవిడేం మాట్లాడగలదు? నేనున్న తలుపు వైపు ఒకసారి చూసి పెట్టె సర్దుకుంది. నాకు మాత్రం దారి దొరికింది. చూపించింది మామగారే.

ఆ రోజుల్లో కోడలు మామగారితో ఎదురుపడి మాట్లాడేది కాదు. నాకు ఆయనతో చెప్పాల్సిందేమన్నా ఉంటే పూజ గదిలో స్వామికి చెప్పుకునేదాన్ని, కాస్త గట్టిగా. పూజ గదికీ ఆయన పడక్కుర్చీకీ మధ్య పలచటి తడిక ఒకటే అడ్డం. అది ఇద్దరికీ తెలుసు. స్వామికీ తెలిసే ఉంటుంది.

తరవాణి కలిసింది నైవేద్యం పెట్టొచ్చా అని నాకొక శంక. అత్తగారు కొట్టిపారేశారు. "పెరుగు పులవకుండానే తోడుకుంటుందేంటే? దద్దోజనం ఆయన ఏనాడన్నా వద్దన్నాడా?"

మర్నాడు తల స్నానం చేసి, మడి కట్టుకుని, రొట్టె కాల్చి, అరిటాకులో పెట్టి స్వామి ముందు కూర్చున్నాను.

"స్వామీ, ఇవాళ నీకు కొత్త నైవేద్యం," అన్నాను. "రంగు చూసి అలగకు, నీ ఒంటి రంగే. ఇందులో ఉన్నది గోధుమలు, రాగులు, ఉప్పు, నెయ్యి, మా అత్తగారి తరవాణి. ఈ ఇంటి గుమ్మం దాటకూడనిదేదీ ఇందులో లేదు, నీ మీద ఆన." తడిక అవతల పడక్కుర్చీ కిర్రుమనడం ఆగింది. "నువ్వు ఆరగించాక ఇది రొట్టె కాదు. దీన్ని కాదన్నవాళ్ళతో నువ్వే మాట్లాడుకో. పులిహోర నీకు రోజూ వందమంది పెడతారు, దీన్ని పెట్టేది మేమొక్కళ్ళమే." ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ నోరు ఆగలేదు. "భజనలో రెండు కాళ్ళ మీద నిలబడి నీ పేరు పాడే మనిషి మాకు కావాలి స్వామీ. నీకూ కావాలనే నేననుకుంటున్నాను."

హారతి ఇచ్చి, గంట వాయించాను. కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువే వాయించాను.

పడక్కుర్చీ మళ్ళీ కిర్రుమంది. తర్వాత తడిక అవతలినుంచి, ఎవరితోనూ కానట్టు, "అదేదో ప్రసాదమంటున్నారు. ఇటు తీసుకురండి," అన్న మాట వినపడింది.

అత్తగారు పట్టుకెళ్ళారు. ఆయన కళ్ళకద్దుకుని, ముక్క తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలారు. మొత్తం తిన్నారు. గేదె ఆ రోజు కిటికీ దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి ఒకటే అరుపు.

"ఉప్పు తగ్గింది," అన్నారు చివర్లో.

"మొదటిదాంట్లో ఎక్కువైంది లెండి. రెండూ కలిపితే సరిపోతుంది," అన్నారు అత్తగారు.

అప్పటినుంచి రోజూ ఆయన వంతు ప్రసాదం కొలిచి ఆకులో చుట్టి ఇచ్చేదాన్ని. భజనకి కూడా అదే పట్టుకెళ్ళేవారు. అక్కడ పులిహోర చేతిలో వేయబోతే, "నాది నా దగ్గరుంది," అనేవారట. స్వామిని ఇలా మధ్యవర్తిని చేశానే అన్న బెంగ నాకు ఉండేది. రోజూ పూజ చివర ఆ సంగతి ఆయనకి మెల్లగా, తడిక అవతలికి వినపడకుండా చెప్పుకునేదాన్ని.

గొట్టం రంగు మారడం మొదలైంది. మొదట గంధం రంగు. తర్వాత మామిడి చిగురు. ఒకరోజు మామగారు, "చిలకపచ్చ, చిలకపచ్చ," అని అరుగు మీంచి కేకేస్తే మగ్గాల మీద ఉన్నవాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు. నర్సమ్మ ఏ రంగు చెప్పినా ఇప్పుడు ఆయన బేరమాడేది లేదు, ఆవిడే పుస్తకంలో రాసేముందు, "ఇదేం రంగండీ?" అని ఆయన్ని అడిగేది. నెల చివరికి నీలంలో రవ్వంత ఆకుపచ్చ జీర. "నెమలికంఠం," అన్నారు మామగారు. "ఈ రంగు దించగలిగిన అద్దకంవాడు మన జిల్లాలో లేడు."

డాక్టరుగారు వచ్చి కట్టు విప్పించి, వేలి చుట్టూ నొక్కి చూశారు. ఎర్రటి కొత్త చర్మం పుండు అంచుల నుంచి లోపలికి అల్లుకుంటోంది. ఆయన తెచ్చిన కత్తుల పెట్టె మూత తియ్యలేదు. "రొట్టె బాగా పనిచేసిందే. రోజూ తిన్నారా?" అని అడిగారు.

"రొట్టా? నేను రొట్టె ముట్టలేదండీ," అన్నారు మామగారు. "స్వామి ప్రసాదం తిన్నాను, అంతే."

డాక్టరుగారు నర్సమ్మ వైపు చూశారు. ఆవిడ దూది మూటకి ముడి వేసుకుంటూ కూర్చుంది.

వేలు నిలిచింది. గోరు మాత్రం కాస్త వంకరగా వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన ఆ కాలి మీదే నడిచారు, నిలబడి పాడారు. ఆ ఏళ్ళన్నిటికీ నేను స్వామికి రుణపడ్డాను. డాక్టరుగారికి మా వారు పట్టుపంచె పెట్టారు. అత్తగారు తరవాణి కుండకి పెద్ద బొట్టు పెట్టారు. వీధిలో నాకు కూడా కాస్త మంచి పేరు వచ్చింది.

నర్సమ్మకి ఎవరూ ఏమీ పెట్టలేదు. నెల్లాళ్ళు ఆ పుండుని చేత్తో కడిగిన మనిషి, నాకు రొట్టె చెప్పిన మనిషి, పులిహోర గుట్టు పట్టుకున్న మనిషి. ఆవిణ్ణి మేం అరుగు దాటి లోపలికి రమ్మనలేదు. దాహమంటే దోసిట్లోకి ఎత్తి పోశాం. అప్పుడది తప్పని నాకు తోచలేదు. అంత పూజ చేసేదాన్ని, తోచలేదు. ఆఖరి రోజున రొట్టె ముక్క ఆకులో పెట్టి అరుగు మీద ఉంచితే, తీసుకుని వాసన చూసి, "గుప్పెడు కల్లుతోనే ఇంత బాగా వచ్చిందా," అని నన్నే నవ్వించి వెళ్ళిపోయింది. ఆ ఏడే వేరే ఊరికి మార్చారని విన్నాను. ఏ ఊరో కనుక్కోలేదు.

ఇది చదివినవాళ్ళని ఒకటి అడుగుతాను. మీరు ఏ దేవుడి ముందు కూర్చున్నా సరే, ఒక్క క్షణం ఆవిణ్ణి తల్చుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. తెల్లచీర, చేతిలో చిన్న పెట్టె, అరుగు చివర కూర్చుని ఉంటుంది.